రాత్రి బడి, పగలు వర్క్‌షాప్: పెద్దలకు నేర్పే మాస్టారి పని ఎంతవరకు?

నాగావళిగట్టు (పోస్టు 1)

అందరికీ నమస్కారం. ఆమదాలవలస దగ్గర ఒక కేంద్రంలో రెండు తరగతులూ ఒక్కరే చూడాలి. సాయంత్రం 7 నుంచి 8.30 దాకా అక్షరాల తరగతి. 22 మంది ఆడవాళ్లు, ముప్ఫై దాటినవారి నుంచి అరవైకి దగ్గరపడ్డవారి వరకు ఉన్నారు. పగలు మూడు నెలల హౌస్ వైరింగ్ బ్యాచ్. 18 మంది కుర్రాళ్లు, సగం మంది తొమ్మిదిలోనో పదిలోనో బడి మానేసినవాళ్లు.

చేతికిచ్చిన విధుల కాగితంలో లేనిదంటూ లేదు. జనాన్ని పోగెయ్యడం, పాఠం, హాజరు, ఫొటోల అప్‌లోడు, సామాను లెక్క, కౌన్సెలింగ్, పరీక్ష, ఉద్యోగం చూపించడం. అన్నీ ఒకే బరువన్నట్టు వరసగా రాసీసి ఉన్నాయి. ఇందులో ఇంకొకరికి అప్పజెప్పకూడనిది ఏది? పక్కకి తోసీవచ్చునన్నది ఏది? సిద్ధాంతం వద్దండీ, రేపు పొద్దున్న చెయ్యాల్సింది చెప్పండి.

గంటస్తంభం (పోస్టు 2)

ఆ కాగితంలో బోధకుడే చెయ్యాల్సినవి నాలుగే. వచ్చినవాడికి ఇప్పటికే ఏమొచ్చో కనిపెట్టడం, పని చేసి చూపించడం, వాళ్లు చేస్తుంటే పక్కన నిలబడి చూడడం, చివరికి ‘వచ్చింది’ లేదా ‘ఇంకా రాలేదు’ అని నిజం రాయడం. మిగతావన్నీ వేరేవాళ్లు చెయ్యగలిగినవే.

జనాన్ని పోగెయ్యడం డ్వాక్రా గ్రామ సంఘం వాళ్లకి వదిలీండి. మీరు ఇల్లిల్లూ తిరిగి చెప్పేదానికన్నా సంఘం సమావేశంలో వాళ్లు రెండు నిమిషాలు చెప్పేది బాగా పారుతుంది. ఫొటోలు, అప్‌లోడు బ్యాచ్‌లో ఫోను బాగా తెలిసిన కుర్రాడికి వంతులవారీగా అప్పజెప్పండి, మీరు ఒకసారి చూసి పంపండి. సామాను రిజిస్టరు మాత్రం మీదే. పోతే జవాబు చెప్పేది మీరే కాబట్టి.

ఉద్యోగం సంగతి. పైడిభీమవరంలోనో విశాఖలోనో ఏ కంపెనీకి ఏ అర్హత కావాలో కనుక్కుని చెప్పడం మీ పని. ‘ఉద్యోగం వస్తుంది’ అనడం మీ పని కాదు. ఆ ఒక్క మాట నోరు జారితే నాలుగో నెలలో వాళ్ల నాన్న కేంద్రం గుమ్మంలో ఉంటాడు.

లాంతరు (పోస్టు 3)

అక్షరాల తరగతి గురించి చెబుతాను. వైరింగ్ సంగతి తెలిసినవాళ్లు రాస్తారు.

మొదటి రోజు పలక ఇవ్వకండి. ఒక్కొక్కరితో అయిదేసి నిమిషాలు కూర్చోండి. 22 మందికి రెండు సాయంత్రాలు పడుతుంది, పట్టనీండి. నాలుగు వస్తువులు దగ్గర పెట్టుకోండి: గ్యాస్ బిల్లు, బస్సు బోర్డు ఫొటో, పది రూపాయల నుంచి అయిదొందల దాకా నోట్లు, ఆవిడ సంఘం పాసుపుస్తకం. ‘చదువొచ్చా’ అని అడిగితే అందరూ రాదనే అంటారు. నోట్లు ముందు పెట్టి ‘మూడొందల అరవై ఇవ్వండి’ అంటే తడుముకోకుండా తీసిస్తారు. అంటే లెక్క వచ్చు, రాత రాదు. అలాంటివారిని ‘ఒకటి, రెండు’ దగ్గర కూర్చోబెడితే నాలుగో రోజుకి రారు.

సంతకం వచ్చినవారితో ఇంకో జాగ్రత్త. సంతకం చాలామందికి బొమ్మలాంటిది. ‘లక్ష్మి’ అని రాసినావిడను ఆ పేరులో ‘ల’ ఎక్కడుందో వేలు పెట్టి చూపమనండి. తర్వాత అదే ‘ల’ ఉన్న ‘పలక’, ‘ఇల్లు’ చూపించండి. చూపలేకపోతే అక్షరం రాలేదు, గీత మాత్రమే వచ్చింది. పేరుని ముక్కలు చేసి అక్కడి నుంచే మొదలెట్టండి. తన పేరులో ఉన్న అక్షరం మనిషి మర్చిపోదు.

అ, ఆ, ఇ, ఈ వరస పిల్లలకి. పెద్దలకి మాట నుంచి అక్షరానికి వెళ్లండి. జాతీయ సాక్షరతా మిషన్ రోజుల్లో మూడు వాచకాలు, మొత్తం 200 గంటలు అని లెక్క ఉండేది. మీరు రోజుకి గంటన్నర, వారానికి అయిదు రోజులు చెబితే అదే 27 వారాలవుతుంది. మూడు నెలల్లో అయిపోతుందని ఎవరికీ మాటివ్వకండి.

ఒకేలా ఉండే అక్షరాలు ఒకే రోజు పెట్టకండి. వ, మ. ప, ష. ర, ఠ. ఒకటి బాగా కుదిరి, పది మాటల్లో కనిపించాక రెండోది. రెండూ పక్కపక్కన పెట్టి తేడా చూపిస్తే తేలికవుతుందని అనుకుంటాం. అప్పటికి మొదటిదే స్థిరపడలేదు కాబట్టి రెండూ కలిసిపోతాయి.

ఇంకొకటి, ఇది ముందే రాయాల్సింది. నలభై దాటినవారిలో చాలామందికి దగ్గర చూపు తగ్గి ఉంటుంది. పుస్తకం చెయ్యి చాచి పట్టుకుంటున్నారా, దీపం వైపు తిప్పుకుంటున్నారా చూడండి. ‘బుర్రకెక్కట్లేదు’ అని వాళ్లే చెప్పుకుంటారు, కానీ ఎక్కనిది కంటికి. మొదటి వారంలోనే ఆశా కార్యకర్తతో మాట్లాడి కంటి పరీక్షకి పంపండి. ఈలోగా అక్షరాలు అంగుళం ఎత్తున రాసిన చార్టులు వాడండి. బల్బు మీ నెత్తిమీద కాదు, వాళ్ల పలక మీద వెలుగు పడేలా కట్టండి.

టెస్ట్‌ల్యాంప్ (పోస్టు 4)

వైరింగ్‌కి వస్తాను. బోధకుడి మొదటి బాధ్యత పాఠం కాదు, సప్లై. ప్రాక్టీసు బోర్డులన్నింటికీ ఒకే మెయిన్ స్విచ్, అది మీరు నిలబడే చోట చేతికందాలి. దాని వెనక 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకయితే సప్లై తెంచే స్విచ్). టెస్ట్ బటన్ నొక్కి పడుతోందో లేదో చూశాకే ఆ రోజు పని మొదలు. దాన్ని నమ్ముకుని ధీమాగా ఉండకండి. ఎండు చెక్క మీద నిలబడ్డ కుర్రాడు ఒక చేత్తో ఫేజు, ఇంకో చేత్తో న్యూట్రల్ పట్టుకుంటే ఆర్‌సీసీబీకి ఆ మనిషి ఒక బల్బులాగే కనిపిస్తాడు. అది పడదు. ఈ ముక్క చాలామంది ట్రైనర్లకే తెలీదు. మొదటి రెండు వారాలు బోర్డులన్నీ సప్లై లేకుండానే చేయించండి, కంటిన్యుటీ (తీగ ఎక్కడా తెగకుండా కలిసి ఉందా అని) చూడడానికి బ్యాటరీ, బజరు చాలు.

డెమో ఇలా ఇవ్వండి. ఒకసారి మామూలు వేగంతో, ఒక్క మాట లేకుండా పూర్తిగా చెయ్యండి. పని అయ్యేసరికి ఎలా ఉంటుందో కంటికి తెలియాలి. రెండోసారి నెమ్మదిగా, ప్రతి మెట్టు దగ్గరా ఆగి, ఎందుకో చెబుతూ చెయ్యండి. మూడోసారి వాళ్లు చెబుతుంటే మీరు చెయ్యండి. తప్పు చెబితే ఆ తప్పే చెయ్యండి, ప్రమాదం లేనంత వరకు. నాలుగోసారి వాడే చెబుతూ వాడే చేస్తాడు. చాలామంది మూడోది ఎగ్గొట్టి నేరుగా నాలుగోదానికి పోతారు. అప్పుడు వాడికి చెయ్యీ తెలీదు, వరసా తెలీదు.

తీగ చివర ఒలిచే పనే తీసుకోండి, చిన్నదే కదా అనుకుంటాం. బ్లేడుని తీగ చుట్టూ గుండ్రంగా తిప్పితే రాగి మీద గీత పడుతుంది. ఆ రోజు బల్బు వెలుగుతుంది. స్విచ్ బోర్డు రెండుసార్లు విప్పి మూసేసరికి సరిగ్గా ఆ గీత దగ్గరే తెగుతుంది. పెన్సిలు చెక్కినట్టు బ్లేడు ఏటవాలుగా పెట్టి బయటివైపు లాగితే రాగికి దెబ్బ తగలదు. ఒలిచింది 10 నుంచి 12 మిల్లీమీటర్లు ఉండాలి. ఎక్కువైతే టెర్మినల్ బయట రాగి కనిపిస్తుంది, తక్కువైతే స్క్రూ ప్లాస్టిక్ మీద బిగిసి వదులవుతుంది. ఎలా తెలుస్తుందంటే, బిగించాక ఒక్కో తీగని పట్టుకుని గట్టిగా లాగి చూడమనండి. ఊడి వచ్చిందా, మళ్లీ. మీరు లాగకండి, వాడినే లాగమనండి. రేపు ఎవరింట్లోనో పని చేసేటప్పుడు మీరు పక్కన ఉండరు కదా.

కొలతలు గోడ మీద రాసి ఉంచండి: లైట్లకి 1.5 చదరపు మిల్లీమీటర్లు, 16 ఆంపియర్ల సాకెట్‌కి 2.5, గీజరు ఏసీలకి 4. స్విచ్ ఎప్పుడూ ఫేజులోనే. న్యూట్రల్‌లో పెట్టినా బల్బు ఆరుతుంది, అందుకే ఆ తప్పు కంటికి కనపడదు. హోల్డరులో ఫేజు అలాగే ఉంటుంది, బల్బు మార్చేవాడికి తగులుతుంది. పని పూర్తయ్యాక 500 వోల్టుల మెగ్గరు అనే మీటరుతో ఇన్సులేషను చూడాలి, 1 మెగాఓమ్ కన్నా తక్కువొస్తే సప్లై ఇవ్వకూడదు. మెగ్గరు పెట్టేముందు బల్బులు, ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్లు తీయించండి. లేకపోతే రీడింగూ తప్పొస్తుంది, రెగ్యులేటరూ పోతుంది.

కత్తెరకొలత (పోస్టు 5)

టెస్ట్‌ల్యాంప్ గారూ, మాట లేకుండా మొదటి డెమో అన్నారు. వైరింగ్‌కి సరే. కుట్టు మిషన్ దగ్గర అది పనిచెయ్యదండి. మిషన్ నిమిషానికి వందల కుట్లు వేస్తుంది, మామూలు వేగంతో చూపిస్తే వాళ్లకి కనపడేది మీ వీపే. మేం చేసేది తిరగేసి: దారం లేకుండా, గీతలు గీసిన కాగితం మీద వాళ్లనే తొక్కమంటాం. ముందు నిలువు గీత, తర్వాత చతురస్రం, తర్వాత నత్త చుట్ట. మూల దగ్గర సూది కాగితంలో దిగి ఉండగానే పాదం ఎత్తి తిప్పాలి. ఈ ఒక్కటి రెండు రోజులు పడుతుంది. చక్రం వెనక్కి తిరగకుండా కాళ్లకి లయ వచ్చేదాకా దారం చేతికివ్వం.

దారం ఎక్కించాక వచ్చే తప్పులు చూసి పాఠం చెప్పాలి. గుడ్డ కింద వైపు ఉచ్చులు ఉచ్చులుగా వస్తే పిల్లలు బాబిన్ తప్పనుకుంటారు. చాలాసార్లు తప్పు పైదారంలో. పాదం దించి ఉండగా దారం ఎక్కిస్తే టెన్షన్ పళ్లేలు మూసుకుని ఉంటాయి, దారం వాటి మధ్యకి దిగదు. పాదం ఎత్తి మళ్లీ ఎక్కిస్తే సరి. బోధకురాలు ఇక్కడ చెయ్యకూడని పని ఒకటుంది: ‘ఇటివ్వమ్మా’ అని తనే సరిచేసి ఇచ్చేయడం. ఆ పూటకి కుట్టు సాగుతుంది. ఇంటికెళ్లాక మిషన్ మూలన పడుతుంది.

టేపు గురించి. చివర ఇనప పట్టీ నుంచి కాకుండా ‘1’ అంకె దగ్గర పెట్టి కొలిచేవాళ్లు ప్రతి బ్యాచ్‌లో ఉంటారు, జాకెట్టు అంగుళం తేడా వస్తుంది. పావు, అర, ముప్పావు సంతలో వాడే మాటలే కాబట్టి వెంటనే అందుతాయి. ఎనిమిదో వంతు దగ్గర ఆగిపోతారు. అప్పుడు వడ్రంగులు చెప్పే ‘నూలు’ మాట వాడండి: అంగుళానికి ఎనిమిది నూళ్లు. ఇంట్లో ఎవరో ఒకరు ఆ పని చేసినవాళ్లు ఉంటారు, విన్న మాటే. పాత గుడ్డ టేపులు సాగిపోతాయి, నెలకోసారి స్టీలు స్కేలు పక్కన పెట్టి చూడండి.

వంశధార (పోస్టు 6)

మంచి చర్చ. ఒక సందేహం. జులైలో ఉభాలు (వరి నాట్లు) మొదలవగానే సాయంత్రం తరగతికి 22లో ఏడుగురే వస్తారు. మిగతావాళ్లని బతిమాలడం కూడా మాస్టారి విధేనా? హాజరు తగ్గితే పైవాళ్లు ఊరుకోరు.

ఉద్దానంతోట (పోస్టు 7)

బతిమాలొద్దండి, కేలెండరు మార్చండి. ఇక్కడ పని ఎప్పుడుందో అందరికీ తెలుసు: జులై, ఆగస్టుల్లో ఉభాలు, నవంబరు డిసెంబరుల్లో కోతలు, మా ఉద్దానం వైపు ఎండాకాలంలో జీడిపిక్కలు. పైడితల్లి సిరిమాను, సంక్రాంతి రోజుల్లో ఎవరూ రారు. తరగతి మొదలెట్టే ముందే సంఘంవాళ్లతో కూర్చుని సంవత్సరం పట్టిక గీయండి. పని వారాల్లో తరగతి మూసెయ్యకండి, వారానికి రెండు రోజులు, అరగంట చాలు. కొత్త పాఠం వద్దు, పాతది తిరగెయ్యండి. ఆరు వారాలు పూర్తిగా ఆపితే నేర్చినదాంట్లో చాలా పోతుంది. హాజరు పట్టీలో ‘ఉభాలు’ అని కారణం రాయండి. కారణం రాసిన పట్టీకి జవాబు చెప్పుకోవచ్చు, దొంగ హాజరుకి చెప్పుకోలేం.

భాష సంగతి ఎవరూ ఎత్తలేదు. తరగతిలో ‘ఏటి’, ‘ఎల్తన్నాను’ అంటారు. వాచకంలో ‘ఏమిటి’, ‘వెళ్తున్నాను’ ఉంటుంది. మాట తప్పు అని సరిదిద్దారా, ఆవిడ ఇక నోరు విప్పదు. ‘మనం ఇలా అంటాం, రాసేటప్పుడు ఇలా రాస్తాం’ అని రెండూ బోర్డు మీద పక్కపక్కన పెట్టండి. మందస, మెళియాపుట్టి కొండవైపు సవర గిరిజనులు ఉంటారు. ఇచ్ఛాపురం, కవిటి వైపు ఇంట్లో ఒడియా మాట్లాడేవాళ్లున్నారు. అక్కడ తెలుగు మాట చదివినా అర్థం అందదు, ముందు నోటితో రావాలి. శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో మాస్టారుగా ఉంటూ సవర భాష నేర్చుకుని, సవర పిల్లలకి వాళ్ల భాషలోనే పుస్తకాలు రాసి బళ్లు పెట్టారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29న దండలు వేస్తాం, తరగతిలో మాత్రం ‘ఎల్తన్నాను’కి నవ్వుతాం.

ఆ ఊళ్లో రెండు భాషలూ వచ్చిన కోడలో కూతురో ఒకరుంటారు. ఆవిడని మాస్టారు పక్కన కూర్చోబెట్టుకోవాలి. అనువాదానికి కాదు, ఏ మాట అందలేదో చెప్పడానికి.

గంటస్తంభం (పోస్టు 8)

వంశధార గారూ, హాజరు అన్ని చోట్లా ఒకటి కాదు. ఐటీఐలో అయితే 80 శాతం లేకుండా పరీక్షకి కూర్చోనివ్వరు, అక్కడ బోధకుడికి వెసులుబాటు లేదు. 2022 నుంచి ఐటీఐ సంవత్సరానికి 1200 గంటలు: మొదటి సంవత్సరంలో ట్రేడ్ ప్రాక్టికల్ 840, థియరీ 240, ఎంప్లాయబిలిటీ స్కిల్స్ 120. దానిమీద 150 గంటలు ఏదైనా పరిశ్రమలో చేతిపని. ఆ 150 గంటలు ‘వెళ్లి రా’ అని ఉత్తరం ఇచ్చి వదిలేస్తే కుర్రాడు గేటు దగ్గర బస్తాలు మోసి వస్తాడు. ఏ నాలుగు పనులు చేయించాలో ముందే సూపర్‌వైజరుతో రాయించుకుని, మధ్యలో ఒకసారైనా వెళ్లి చూడడం ఇన్‌స్ట్రక్టరు విధి.

మార్కుల దగ్గర గుర్తుంచుకోవాల్సింది: ప్రాక్టికల్‌కీ, ఫార్మేటివ్ అసెస్‌మెంట్‌కీ (శిక్షణ సాగుతుండగా మీరు వేసే మార్కులు) 60 శాతం, మిగతా పేపర్లకి 33. ఫార్మేటివ్ మీ చేతిలోదే. దాని రుజువులు, అంటే జాబ్‌లు (కుర్రాళ్లు చేసిన పనిముక్కలు), కొలతల షీట్లు, తర్వాతి పరీక్ష అయ్యేదాకా తనిఖీకి దాచాలి. జాబ్ మీద పేరు పెన్నుతో రాస్తే నూనెకి చెరిగిపోతుంది, రోల్ నంబరు పంచ్ చెయ్యండి.

టెస్ట్‌ల్యాంప్ (పోస్టు 9)

60 శాతం అనగానే ఇంకో జబ్బు మొదలవుతుంది గంటస్తంభం గారూ. అందరికీ 65, 68, 70. జాబ్ చూస్తే సగానికి ఎర్తు వైరే బిగించలేదు. ఇలాంటివాటికి మార్కుల షీటు కన్నా ‘ఇవి తప్పితే మొత్తం తప్పే’ అన్న పట్టీ ముందు పెట్టాలి. వైరింగ్‌లో నాలుగు: ఎర్తు తెగకుండా ఉందా, స్విచ్ ఫేజులో ఉందా, రాగి బయటికి కనపడుతోందా, చెయ్యి పెట్టేముందు సప్లై లేదని పరీక్షించాడా. వీటిలో ఒక్కటి పోయినా మళ్లీ చెయ్యాల్సిందే, మిగతాది ఎంత అందంగా ఉన్నా సరే. అందానికి తర్వాత వెయ్యండి మార్కులు.

సప్లై లేదని చూడడం కూడా పద్ధతిగా ఉండాలి. టెస్టరు ముందు కరెంటు ఉన్న సాకెట్‌లో పెట్టి వెలుగుతోందని చూడాలి. తర్వాత పని చేసే చోట. తర్వాత మళ్లీ ఆ సాకెట్‌లో. మధ్యలో టెస్టరే పోతే? నియాన్ టెస్టరు ఎండలో వెలిగినా కనపడదు. ఈ మూడు మెట్లూ అడక్కుండా చేసిన కుర్రాడికే ‘వచ్చింది’ అని రాయండి. ‘చెప్పు’ అంటే అందరూ చెబుతారు. అడక్కుండా చేస్తాడా అన్నదే పరీక్ష.

గంటస్తంభం (పోస్టు 10)

ఒప్పుకుంటున్నా. కాకపోతే ఆ పట్టీ పరీక్ష రోజు బయటపెడితే అన్యాయం, మొదటి రోజే గోడ మీద ఉండాలి.

ఆర్క్‌వెలుగు (పోస్టు 11)

వెల్డింగ్ వైపు నుంచి రెండు ముక్కలు. బోధకుడికి కావాల్సింది తప్పుని వెనక్కి చదివే కన్ను. 3.15 మిల్లీమీటర్ల 6013 రాడ్డుకి 100–120 ఆంపియర్ల దగ్గర పెట్టి ఇస్తాం. రాడ్డు పదేపదే అతుక్కుపోతోందంటే కరెంటు తక్కువ. బీడు (వెల్డింగ్ అతుకు గీత) పక్కన గాడి పడిందంటే కరెంటు ఎక్కువ, లేదా ఆర్క్ పొడుగు. ఆర్క్ పొడుగు రాడ్డు లోపలి కమ్మీ మందానికి మించకూడదు. చిన్న చిన్న రంధ్రాలు వచ్చాయా, మన సముద్రపు గాలికి రాడ్డు చెమ్మగిల్లింది. అది కుర్రాడి తప్పు కాదు, పెట్టె తెరిచి వదిలేసిన స్టోరు తప్పు. ఇది తెలియని మాస్టారు ‘చెయ్యి నిలకడ లేదురా’ అని తిడతాడు. వాడు వారం రోజులు లేని తప్పు దిద్దుకుంటూ కూర్చుంటాడు.

బీడు మీద స్లాగు (పైన గట్టిపడ్డ పెంకు) కొట్టేముందే ‘ఎలా వచ్చిందనుకుంటున్నావు?’ అని అడగండి. తర్వాత కొట్టించండి. వాడు అనుకున్నదీ కనిపించిందీ దగ్గరపడే కొద్దీ వాడికి మీ అవసరం తగ్గుతుంది. ఇంకొకటి, 10 లేదా 11 నంబరు గ్లాసు లేకుండా చుట్టూ గుంపుగా నిలబడి డెమో చూసే పద్ధతి ఆపించండి. ఆ రాత్రి కళ్లలో ఇసుక పోసినట్టుంటుంది. హెల్మెట్లు ఆరే ఉంటే డెమో ఆరుగురికే, మూడుసార్లు ఇవ్వండి.

నాగావళిగట్టు (పోస్టు 12)

చాలా ఉపయోగం. ఇంకో మూడు. ఒకటి, వైరింగ్ బ్యాచ్‌లో చేరతానని ఒకాయన వస్తున్నారు, ఇరవై ఏళ్లుగా ఇళ్లకి వైరింగ్ చేస్తున్నారు, చేతిలో కాగితం లేదు. కుర్రాళ్లతో కూర్చోబెట్టనా? రెండు, అంకెలు రాయించేటప్పుడు నూట అయిదుని 1005 అని రాస్తున్నారు, ఎన్నిసార్లు దిద్దినా అదే. మూడు, ఉల్లాస్ (పెద్దల అక్షరాస్యత పథకం) పరీక్షకి ఎలా తయారు చెయ్యాలి?

టెస్ట్‌ల్యాంప్ (పోస్టు 13)

ఆయన్ని మూడు నెలలు కూర్చోబెట్టొద్దు. ముందే వచ్చిన పనిని గుర్తించి సర్టిఫికెట్ ఇచ్చే ఆర్‌పీఎల్ దారి ఉంది, అది ఎక్కడ జరుగుతోందో కనుక్కుని పంపండి. అంతకుముందు ఒక పూట పని చేయించి చూడండి. పాతవాళ్ల చెయ్యి వేగంగా ఉంటుంది, మూడు చోట్ల పట్టుబడతారు: ఎర్తు వదిలేయడం, తీగలు టెర్మినల్‌లో కాకుండా గోడలోనే మెలేసి టేపు చుట్టడం, ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే దానంతటదే పడే స్విచ్) మాటిమాటికీ పడిపోతుంటే పెద్దది వేసేయడం. మూడోది అన్నిటికన్నా ప్రమాదం. 1.5 తీగ వెనక 32 ఆంపియర్ల ఎంసీబీ ఉంటే ముందు కాలేది తీగ, ఎంసీబీ పడదు. ఈ మూడూ ఆయనకి విడిగా చెప్పండి, కుర్రాళ్ల ముందు కాదు. ఒప్పుకుంటే వారానికోసారి పిలిచి గోడ గాడి కొట్టడం, పైపు వంచడం ఆయన చేత చూపించండి. అవి మనకన్నా ఆయనకే బాగా వచ్చు.

లాంతరు (పోస్టు 14)

1005 తప్పు కాదండీ, విన్నది విన్నట్టు రాయడం. నూరు అంటే 100, అయిదు అంటే 5, పక్కపక్కన పెట్టారు. దిద్దితే పోదు. అట్టముక్కలు చెయ్యండి: 100 రాసింది పొడుగ్గా, 10, 20 రాసినవి మధ్యరకం, 1 నుంచి 9 చిన్నవి. అన్నిటికీ కుడి అంచు కలవాలి. 100 ముక్క మీద కుడివైపు 5 ముక్కని పెడితే చివరి సున్నా మూసుకుపోయి 105 కనిపిస్తుంది. ఎత్తితే మళ్లీ 100. సున్నా ఎక్కడికి పోయిందో వాళ్లే చెబుతారు. మూడు సాయంత్రాలు పెట్టండి, ఆ తర్వాత పాసుపుస్తకంలో నిల్వ అంకెలు చదివించండి.

ఉల్లాస్ పథకం 2022–27కి, 15 ఏళ్లు దాటినవారందరికీ. పరీక్ష 150 మార్కులకి: చదవడం 50, రాయడం 50, లెక్కలు 50. ఒక్కోదాంట్లో 33 శాతం రావాలి, అంటే 17 మార్కులు. అందుకని లెక్కల్లో 45 వచ్చినావిడ కూడా రాయడంలో ఆగిపోవచ్చు. ఎక్కువమంది ఆగేది అక్కడే, ఎందుకంటే తరగతిలో బోర్డు చూసి రాయించడమే రాతగా చెల్లుబాటవుతోంది. రోజూ చివరి పది నిమిషాలు బోర్డు చెరిపేసి ఒక్క వాక్యం చెప్పి రాయించండి: ‘ఈ రోజు కూలి మూడు వందలు.’ వత్తులు తప్పుపోనీండి, మాట పలికేలా ఉంటే చాలు.

పరీక్ష రోజు మాస్టారు జవాబులు అందించే అలవాటు చాలా చోట్ల ఉంది. 2011 జనాభా లెక్కల్లో అప్పటి విజయనగరం జిల్లా అక్షరాస్యత 58.89 శాతం, శ్రీకాకుళం 61.74. కాగితం మీద ఆ అంకె పెరిగి, ఆవిడ ఆర్టీసీ కాంప్లెక్సులో నిలబడి బోర్డు చదవమని ఇంకొకరిని అడుగుతుంటే ఎవరికి లాభం? రానివారి పేరు పక్కన రాలేదనే రాయండి, తర్వాతి పరీక్షకి పంపండి.

వంశధార (పోస్టు 15)

లాంతరు గారూ, జవాబు అందించొద్దంటే ఒప్పుకుంటా. కానీ ఇప్పుడు చెప్పేవాళ్లు చాలావరకు వాలంటీర్లు, గౌరవ వేతనం లేదు. సాక్షర భారత్ అక్షరాస్యత పథకం 2018 మార్చితో ఆగాక ఊళ్లో నెలనెలా ఈ పని చూసేవారే లేరు. వాళ్లమీద ఇన్ని బాధ్యతలు పెడితే ఎవరొస్తారు?

లాంతరు (పోస్టు 16)

సరైన మాటే. అందుకే వాలంటీరుకి 22 మందిని ఇవ్వకూడదు. అయిదారుగురు చాలు, అదీ తన వీధివాళ్లే. పదో తరగతి చదివిన కోడలు అత్తకి, పక్కింటి ఇద్దరికి చెప్పడం కుదురుతుంది. మాస్టారి పని అప్పుడు మారుతుంది: వారానికోసారి వాలంటీర్లని కూర్చోబెట్టి వచ్చే వారం పాఠం వాళ్లచేత చెప్పించి చూడడం, అట్టముక్కలు చేయించి ఇవ్వడం, ఎవరు ఎక్కడ ఆగారో రాసుకోవడం. నాగావళిగట్టు గారూ, మీ 22 మందినీ నాలుగు వీధులుగా విడగొట్టి చూడండి.

కత్తెరకొలత (పోస్టు 17)

ఒక్కమాట, ఆడవాళ్ల బ్యాచ్‌లకి సంబంధించి. తరగతి 8.30కి అంటే 8.30కే వదలాలి. వీధి దీపం లేని దారుంటే ఇద్దరిద్దరిని కలిపి పంపాలి. పగటి శిక్షణలో మరుగుదొడ్డికి లోపలి గడియ పనిచేస్తోందో లేదో మొదటి రోజే చూడాలి. అది లేక మధ్యాహ్నం నుంచి మానేసేవాళ్లు ఉంటారు, కారణం అడిగితే ‘ఇంట్లో పని’ అంటారు. కొలతలు తీయడం నేర్పేటప్పుడు ఆడవాళ్లకి ఆడవాళ్లే, లేదా బొమ్మ మీద.

నాగావళిగట్టు (పోస్టు 18)

అందరికీ దండాలు. వీధుల వారీగా విడగొట్టడం ఆదివారం సంఘం సమావేశంలో పెడతాను. ఫేజు, ఎర్తు పట్టీ గోడకి అంటించాను. ఒక చిన్న ప్రశ్న మిగిలింది: ఆ అట్టముక్కలు మామూలు చార్టు పేపరుతో చేస్తే వారానికే నలిగిపోతున్నాయి.

లాంతరు (పోస్టు 19)

చార్టు వద్దండీ. పెళ్లి శుభలేఖలు తెచ్చుకోండి, ప్రతి ఇంట్లో కట్టలు ఉంటాయి. వెనకవైపు ఖాళీగా, మందంగా ఉంటాయి. అంకె రాసి పైన వెడల్పు సెల్లోటేపు అంటించండి. 100 ముక్క 9 సెంటీమీటర్లు, 10ది 6, ఒకట్లవి 3. కుడి అంచు కలుస్తోందో లేదో టేపు వెయ్యకముందే ఒకదానిమీద ఒకటి పెట్టి చూసుకోండి.